వీడియో మొరాయిస్తే ముందు అంకెలు చూడండి

ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక ఫ్రేము వెడల్పు 1920 చుక్కలు, ఎత్తు 1080 చుక్కలు. మొత్తం 20,73,600. ఒక్కో చుక్క రంగును రాసిపెట్టడానికి 3 బైట్లు కావాలి కాబట్టి ఒక్క ఫ్రేముకే 62 లక్షల బైట్లు దాటుతాయి. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున నిమిషానికి 1,800 ఫ్రేములు. గుణించి చూస్తే ఒక్క నిమిషం వీడియోకు 11.2 గిగాబైట్లు. రెండున్నర గంటల సినిమాను సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఇలాగే దాచాలంటే 1,340 గిగాబైట్లు పైగా కావాలి. ఒక టెరాబైట్ హార్డ్‌డిస్కు కూడా చాలదు.

అదే నిమిషం వీడియోను ఐఫోన్ సుమారు 60 మెగాబైట్లలో దాచేస్తోంది. అంటే అసలు బరువులో 187వ వంతు. ఇంతగా కుదించే పని, చూసేటప్పుడు తిరిగి విప్పే పని కోడెక్‌ది. ఇంట్లో కంప్యూటర్‌లో వీడియో తెరుచుకోకపోయినా, బొమ్మ లేకుండా మాటలే వినిపించినా, ఆగి ఆగి నడిచినా చాలాసార్లు ఆ విప్పడంలోనే తేడా వచ్చిందని అర్థం. ఆ తేడా ఎక్కడుందో ఫైలులోని నాలుగైదు అంకెలు చెప్పేస్తాయి. వాటిని చూడకుండా కనిపించిన కోడెక్‌నల్లా ఇన్‌స్టాల్ చేయడం రోగం తెలియకుండా మందు మింగడమే.

ఇంత కుదింపు ఎలా సాధ్యం?

మన కన్ను వెలుగునీడల్లోని తేడాను పట్టుకున్నంత బాగా రంగులోని తేడాను పట్టుకోలేదు. అందుకే వెలుగు సమాచారాన్ని ప్రతి చుక్కకూ ఉంచి, రంగు సమాచారాన్ని నాలుగు చుక్కలకు ఒకసారి చొప్పున ఉంచుతారు. ఈ ఒక్క పనితోనే 3 బైట్లు ఒకటిన్నర బైటుకు దిగుతాయి. బరువు సగమైపోతుంది.

అసలు పొదుపు ఆ తర్వాతే మొదలవుతుంది. పెళ్లిలో తలంబ్రాలు పోసుకునే దృశ్యం తీసుకోండి. మండపం, పూల అలంకరణ, వెనక కూర్చున్న పెద్దలు ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య దాదాపు మారరు. మారేవి రెండు జతల చేతులు, గాలిలో ఉన్న బియ్యపు గింజలు. కోడెక్ కొన్ని సెకన్లకు ఒకసారి మాత్రమే పూర్తి ఫ్రేమును దాచి, మధ్యలోని వాటికి మార్పులను మాత్రమే రాసుకుంటుంది. బొమ్మను గళ్లుగా కోసి ఏ గడి ఎటు జరిగిందో గుర్తుపెట్టుకుంటుంది. హెచ్.264 కోడెక్‌లో ఆ గడి 16 × 16 చుక్కలు. హెచ్.265లో 64 × 64 వరకు, ఏవీ1లో 128 × 128 వరకు ఉండొచ్చు. గడి పెద్దదయ్యే కొద్దీ కదలని ప్రాంతాలను తక్కువ మాటల్లో చెప్పొచ్చు. కాకపోతే దాన్ని ఎక్కడ ఎలా విడగొట్టాలో తేల్చే లెక్కలు పెరుగుతాయి.

వీడియో మధ్యలో బొమ్మ చెదిరి, ఆకుపచ్చ మరకలు పడి, కాసేపటికి దానంతటదే సర్దుకోవడం మీరు చూసే ఉంటారు. దానికి కారణం కూడా ఇదే. ఒక ఫ్రేము పాడైతే దాని మీద ఆధారపడినవన్నీ పాడవుతాయి. మళ్లీ పూర్తి ఫ్రేము వచ్చాక బొమ్మ కుదురుకుంటుంది.

వీసీడీ నుంచి 4కె దాకా

1993లో వచ్చిన వీసీడీ ప్రమాణంలో ఒక ఫ్రేము 352 × 288 చుక్కలు. సెకనుకు 25 ఫ్రేములు. బొమ్మకు కేటాయించింది సెకనుకు 1.15 మెగాబిట్లు. ఒక డిస్కులో 74 నిమిషాలు, కొన్నింటిలో 80 నిమిషాలు పట్టేది. మన తెలుగు సినిమాలు రెండేసి, మూడేసి సీడీల్లో వచ్చింది అందుకే.

ఇప్పుడు ఫోన్‌తో తీసే 4కె వీడియోలో ఫ్రేముకు 82,94,400 చుక్కలు. వీసీడీ ఫ్రేముతో పోలిస్తే 82 రెట్లు. సెకనుకు 30 ఫ్రేములు కాబట్టి ఒక సెకనులో తెర మీదికి రావాల్సిన చుక్కలు 98 రెట్లు పెరిగాయి. ఐఫోన్ హెచ్.265 పద్ధతిలో తీసే 4కె వీడియో నిమిషానికి సుమారు 170 మెగాబైట్లు, అంటే సెకనుకు దాదాపు 23 మెగాబిట్లు. వీసీడీకి 20 రెట్లు మాత్రమే. చుక్కలు 98 రెట్లు పెరిగితే సమాచారం 20 రెట్లే పెరిగింది. ఆ మిగిలిన తేడానంతా లెక్కలతో పూడ్చాల్సింది మీ కంప్యూటరే. పాత యంత్రం కొత్త వీడియో దగ్గర చతికిలపడటానికి మూలం ఇక్కడుంది.

కోడెక్‌ల వరుసను ఇలా గుర్తుపెట్టుకోవచ్చు. హెచ్.264 ప్రమాణం 2003లో వచ్చింది. హెచ్‌ఈవీసీ అని కూడా పిలిచే హెచ్.265, గూగుల్ వారి వీపీ9 రెండూ 2013లో వచ్చాయి. ఏవీ1 2018లో, హెచ్.266 2020లో వచ్చాయి. హెచ్.264కు పట్టే చోటులో సుమారు సగంలోనే అదే నాణ్యత ఇవ్వాలన్నది హెచ్.265 లక్ష్యం. ఐఫోన్ లెక్కలు దీనికి దగ్గరగానే ఉన్నాయి. ఒక నిమిషం 4కె వీడియో హెచ్.265లో 170 మెగాబైట్లైతే, హెచ్.264లో 350.

ఇక కంప్యూటర్ల వైపు చూద్దాం. వీడియోను విప్పడానికి చిప్‌లో ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. ఇంటెల్ చిప్‌ల విషయంలో హెచ్.264ను విప్పే భాగం 2011లో వచ్చిన రెండో తరం నాటికే ఉంది. హెచ్.265కు పూర్తి ఏర్పాటు 2015లో వచ్చిన ఆరో తరంలో, అందులోనే రంగులను ఎక్కువ మెట్లలో దాచే 10 బిట్ల రకానికి ఏడో తరంలో వచ్చింది. ఏవీ1కు 2020 నాటి పదకొండో తరం దాకా ఆగాల్సి వచ్చింది. ఎన్‌విడియాలో ఆర్‌టీఎక్స్ 30 వరుస నుంచి ఏవీ1 ఉంది. మీ సిస్టమ్ ఏ తరానిదో తెలిస్తే ఏ వీడియో దానికి తేలిక, ఏది బరువో సగం తేలిపోయినట్టే.

డబ్బా వేరు, లోపలి సరుకు వేరు

ఫైలు పేరు చివర ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ, మూవ్ అని ఉండేది డబ్బా పేరు. అందులో బొమ్మ ఒక కోడెక్‌తో, శబ్దం మరో కోడెక్‌తో ఉంటాయి. రెండు ఎంపీ4 ఫైళ్లలో ఒకటి చక్కగా ఆడి, రెండోది ఆడకపోవడంలో వింతేమీ లేదు. ఒకదానిలో హెచ్.264, మరోదానిలో హెచ్.265 ఉండొచ్చు. ఎంకేవీ అనే పేరును చెరిపేసి ఎంపీ4 అని రాస్తే లోపలి సరుకు మారదు.

లోపల ఏముందో చూడటానికి రెండు దారులున్నాయి. వీఎల్‌సీ ప్లేయర్‌లో వీడియో తెరిచి కంట్రోల్, జె మీటలు కలిపి నొక్కితే కోడెక్ వివరాలు వస్తాయి. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంకా వివరంగా చూపిస్తుంది. చూడాల్సినవి ఐదు: వీడియో కోడెక్, బిట్ల లోతు, ఫ్రేము కొలతలు, సెకనుకు ఎన్ని ఫ్రేములు, ఆడియో కోడెక్.

ఒక ఫైలును విప్పి చూద్దాం

అమెరికాలో ఉన్న కొడుకు గృహప్రవేశం వీడియోను ఐఫోన్‌తో తీసి పంపాడనుకుందాం. గుంటూరులో తల్లిదండ్రుల దగ్గర 2014లో కొన్న నాలుగో తరం ఐ3 ల్యాప్‌టాప్ ఉంది. ఫైలు నిడివి 6 నిమిషాలు, పరిమాణం 1.1 గిగాబైట్లు. మీడియాఇన్ఫోలో ఇలా కనిపిస్తుంది: డబ్బా మూవ్, కోడెక్ హెచ్‌ఈవీసీ, ప్రొఫైల్ మెయిన్ 10, కొలతలు 3840 × 2160, సెకనుకు 30 ఫ్రేములు, సెకనుకు సుమారు 25 మెగాబిట్లు, లోతు 10 బిట్లు, ఆడియో ఏఏసీ.

ఇప్పుడు ఒక్కో అంకెనూ ల్యాప్‌టాప్ ముందు పెట్టండి. ఏఏసీ ఆడియోతో ఏ ఇబ్బందీ లేదు. సెకనుకు 25 మెగాబిట్లంటే 3 మెగాబైట్ల చిల్లర. పాత హార్డ్‌డిస్కు కూడా అంతకన్నా వేగంగా చదువుతుంది కాబట్టి అక్కడా అడ్డంకి లేదు. అడ్డం పడేవి హెచ్‌ఈవీసీ, 10 బిట్లు, 4కె. నాలుగో తరం చిప్‌లో ఈ పనికి పూర్తి ఏర్పాటు లేదు. భారమంతా ప్రాసెసర్ మోయాలి.

ఆ భారం మోయడానికి గడువెంతో చూడండి. సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేమును 33 మిల్లీసెకన్లలో విప్పి తెర మీద పెట్టాలి. 60 ఫ్రేములైతే గడువు 17 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. గడువు దాటిన ఫ్రేమును ప్లేయర్ వదిలేసి ముందుకు పోతుంది. మనకు వీడియో తడబడుతున్నట్టు కనిపించేది అప్పుడే. వీఎల్‌సీలో అదే కోడెక్ కిటికీలోని స్టాటిస్టిక్స్ పేజీలో ఎన్ని ఫ్రేములు చూపించిందో, ఎన్ని పోయాయో అంకెలు కనిపిస్తాయి. పోయిన వాటి సంఖ్య ఆగకుండా పెరుగుతుంటే యంత్రం అందుకోలేకపోతోందని ఖాయం.

విండోస్ టాస్క్ మేనేజర్‌లోనూ ఇది తెలుస్తుంది. వీడియో నడుస్తుండగా పర్ఫార్మెన్స్ పేజీలో జీపీయూ దగ్గర వీడియో డీకోడ్ అనే గీత కదులుతూ, సీపీయూ తక్కువగా ఉంటే చిప్‌లోని ప్రత్యేక భాగం పనిచేస్తోంది. ఆ గీత సున్నా దగ్గరే ఉండి సీపీయూ 100 శాతం వైపు ఎగబాకితే భారం ప్రాసెసర్ మీద పడింది.

ఈ ల్యాప్‌టాప్‌కు ఎన్ని కోడెక్‌లు వేసినా గడువు మారదు. పరిష్కారం ఫైలు వైపే ఉంది. దాన్ని 1080 స్థాయికి, హెచ్.264కు, 8 బిట్లకు మార్చితే అదే యంత్రం హాయిగా ఆడిస్తుంది.

లక్షణాన్ని బట్టి చికిత్స

వీడియో అసలు తెరుచుకోదు. విండోస్ ప్లేయర్ 0ఎక్స్‌సీ00డీ5212 అనే ఎర్రర్ చూపిస్తే ఆ కోడెక్ విండోస్‌లో లేదన్నమాట. హెచ్.265 విషయంలో ఇది తరచూ వస్తుంది. దాని మీద పేటెంట్ హక్కులు చాలా సంస్థల చేతుల్లో ఉన్నాయి, ఆ రుసుములు వసూలు చేసే కూటములే ఒకటికి మించి ఏర్పడ్డాయి. 2017 చివర్లో వచ్చిన విండోస్ 10 రూపంలో మైక్రోసాఫ్ట్ ఈ కోడెక్‌ను తీసేసి, తన స్టోర్‌లో విడిగా పెట్టింది. అమెరికాలో ధర 99 సెంట్లు. ఏవీ1 ఎక్స్‌టెన్షన్ మాత్రం అదే స్టోర్‌లో ఉచితం. ఏవీ1ను రూపొందించిన కూటమిని 2015లో గూగుల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్, నెట్‌ఫ్లిక్స్, ఇంటెల్, సిస్కో, మొజిల్లా కలిసి మొదలుపెట్టాయి. రుసుముల బెడద లేని కోడెక్ కావాలన్నదే ఆ ఏడు సంస్థల ఉద్దేశం.

డబ్బు పెట్టకూడదనుకుంటే వీఎల్‌సీ చాలు. అది తన కోడెక్‌లను తనలోనే ఉంచుకుంటుంది, విండోస్‌లో ఏం ఉన్నా లేకపోయినా దానికి పట్టదు. వీఎల్‌సీలో ఆడని ఫైలు కోసం బయటి కోడెక్ ప్యాక్ వేస్తే ఫలితం ఉండకపోవడానికి కూడా కారణం అదే.

బొమ్మ వస్తుంది, శబ్దం రాదు. ఆడియో కోడెక్ చూడండి. ఏసీ3, డీటీఎస్ అని ఉంటే అనుమానం అక్కడే. విండోస్ 11లో 24హెచ్2 రూపం నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన వాటిలో ఏసీ3 కోడెక్ రావడం లేదు. వీఎల్‌సీలో శబ్దం వస్తే ఫైలులో లోపం లేనట్టే.

రంగులు పాలిపోయి కనిపిస్తాయి. ఇది వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే 10 బిట్ల హెచ్‌డీఆర్ వీడియో లక్షణం. 8 బిట్లలో ఒక్కో మూల రంగుకు 256 మెట్లు, మొత్తం 1.67 కోట్ల రంగులు. 10 బిట్లలో 1,024 మెట్లు, మొత్తం 107 కోట్ల రంగులు. 2020లో వచ్చిన ఐఫోన్ 12 నుంచి ఐఫోన్లు ఈ పద్ధతిలోనే వీడియో తీస్తున్నాయి. ఆ రంగులను మామూలు తెరకు తగ్గట్టు దించడం చేతకాని ప్లేయర్‌లో ఎర్ర పట్టుచీర కూడా బూడిద రంగు కలిసినట్టు కనిపిస్తుంది. వీఎల్‌సీ కొత్త వెర్షన్‌కు మారి చూడండి. ఫోన్ కెమెరా సెట్టింగుల్లో హెచ్‌డీఆర్ వీడియోను ఆపేస్తే ఇకమీదట తీసే వాటికి ఈ చిక్కు రాదు.

నల్లని తెర లేదా ఆకుపచ్చ మరకలు, అన్ని వీడియోల్లోనూ. ఫైలును అనుమానించకండి. వీఎల్‌సీ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్, కోడెక్స్ పేజీకి వెళ్లి హార్డ్‌వేర్ డీకోడింగ్‌ను ఆపి చూడండి. బొమ్మ బాగుపడితే తప్పు గ్రాఫిక్స్ డ్రైవర్‌ది. చిప్ తయారీదారు సైటు నుంచి కొత్త డ్రైవర్ వేసుకోండి.

యూట్యూబ్ మాత్రమే తడబడుతుంది. వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరవండి. ఏ కోడెక్‌తో వస్తోందో, ఎన్ని ఫ్రేములు పోయాయో అక్కడే ఉంటుంది. 2020కి ముందరి కంప్యూటర్‌కు ఏవీ1 వస్తుంటే, నాణ్యతను 720కి దించడం తక్షణ ఉపశమనం. ఆ స్థాయిలో ఫ్రేముకు 9,21,600 చుక్కలే కాబట్టి 1080తో పోలిస్తే పని సగానికన్నా తగ్గుతుంది.

పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కదు. పెళ్లి వీడియోల దగ్గర ఈ మాట ఎక్కువగా వినిపిస్తుంది. ఇది కోడెక్ సమస్య కానే కాదు. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలు 4 గిగాబైట్లకు మించకూడదు. సెకనుకు 25 మెగాబిట్ల వీడియో 23 నిమిషాలకే ఆ గీతను తాకుతుంది. ముందు డ్రైవ్‌లో ఉన్నవి వేరేచోట దాచుకుని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. టీవీకి పెట్టేదైతే ఆ టీవీ ఎక్స్‌ఫ్యాట్‌ను చదువుతుందో లేదో చూసుకోండి.

ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోదు. ఫైలు పరిమాణం చూడండి. పంపినవారి దగ్గర 1.1 గిగాబైట్లు ఉండి మీ దగ్గర 640 మెగాబైట్లే ఉంటే కాపీ మధ్యలో తెగిపోయింది. మళ్లీ తెప్పించుకోవడమే మార్గం. రికార్డింగ్ మధ్యలో ఫోన్ ఆగిపోతే మరో నష్టం జరుగుతుంది. ఎంపీ4 ఫైలులో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచికను సాధారణంగా రికార్డింగ్ ముగిశాక చివర్లో రాస్తారు. అది రాయకముందే ఫోన్ ఆగిపోతే దృశ్యాలు లోపలే ఉన్నా దారి చెప్పేవాళ్లు ఉండరు. అదే ఫోన్‌తో అదే సెట్టింగుల్లో తీసిన మంచి వీడియోను ఆధారంగా తీసుకుని సూచికను తిరిగి కట్టే అన్‌ట్రంక్ వంటి ఉచిత పరికరాలున్నాయి. అందుకే అలాంటి ఫైలును వెంటనే చెరిపేయకండి.

మార్చాల్సి వస్తే

హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వీడియోను హెచ్.264కు మార్చవచ్చు. అందులో నాణ్యతను నిర్ణయించేది ఆర్‌ఎఫ్ అనే ఒక్క అంకె. అంకె తగ్గితే నాణ్యత, ఫైలు బరువు రెండూ పెరుగుతాయి. 1080 వీడియోకు 20 నుంచి 24 మధ్య, 4కెకు 22 నుంచి 28 మధ్య ఉంచడం వాళ్ల సిఫార్సు. పాత యంత్రంలో ఇది గంటలు పట్టొచ్చు, కాబట్టి ఇంట్లో ఉన్నవాటిలో కొత్త కంప్యూటర్‌లో చేయండి. మార్చిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది, అది తిరిగి రాదు. అసలు ఫైలును తప్పనిసరిగా దాచి ఉంచాలి.

వీడియో తీసేవారి చేతిలో ఇంకా తేలిక మార్గం ఉంది. ఐఫోన్ కెమెరా సెట్టింగుల్లో ఫార్మాట్స్‌కు వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ ఎంచుకుంటే వీడియో హెచ్.264లో వస్తుంది. చోటు రెట్టింపు పడుతుంది, ఊళ్లో ఉన్న అమ్మానాన్నల కంప్యూటర్‌లో ఆడుతుంది.

40 లక్షల కంప్యూటర్ల పాఠం

"ఈ వీడియో చూడటానికి కొత్త కోడెక్ కావాలి, ఇక్కడ నొక్కండి" అని ఏదైనా సైటు అడిగితే అక్కడే ఆగిపోండి. డీఎన్‌ఎస్ చేంజర్ అనే వైరస్ వ్యాపించిన దారుల్లో ఇదొకటి. వీడియో కోడెక్‌నని చెప్పుకుని కంప్యూటర్‌లో చేరి, మనం వెళ్లాలనుకున్న సైటుకు బదులు నేరగాళ్లు కోరుకున్న చోటికి తిప్పేది. 2011 నవంబరులో అమెరికా ఎఫ్‌బీఐ ఈ ముఠా గుట్టు బయటపెట్టేసరికి 100కు పైగా దేశాల్లో 40 లక్షల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ముఠా సంపాదన కనీసం 1.4 కోట్ల డాలర్లని, నిందితుల్లో ఆరుగురు ఎస్టోనియా పౌరులని తేల్చారు. వైరస్ సోకిన యంత్రాలకు ఒక్కసారిగా ఇంటర్నెట్ ఆగిపోకుండా ప్రత్యామ్నాయ సర్వర్లను 2012 జులై 9 దాకా నడపాల్సి వచ్చింది.

కోడెక్ అనే మాట సామాన్యుడికి అర్థం కాదన్న ధీమాతోనే ఆ మోసం అంత దూరం పోయింది. మనం నేర్చుకోవాల్సింది ఒక్కటే. ప్లేయర్‌ను దాని సొంత సైటు నుంచి, ఎక్స్‌టెన్షన్‌ను మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి, డ్రైవర్‌ను చిప్ తయారీదారు నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ తీసుకోకూడదు.

వీడియో ఆడకపోతే కంగారుపడి ఫైలును చెరిపేయకండి, కొత్త కంప్యూటర్ కొనడానికీ పరుగెత్తకండి. ముందు వీఎల్‌సీలో తెరవండి. కోడెక్, బిట్లు, కొలతలు, ఫ్రేములు, ఆడియో చూసి మీ చిప్ తరంతో పోల్చండి. ఫైలు పూర్తిగా వచ్చిందో లేదో పరిమాణం చూసి తేల్చుకోండి. మార్చడం చివరి మెట్టు. బీరువాలో మూలనపడ్డ పెళ్లి వీసీడీలు ఉంటే వాటినీ ఈ వారమే హార్డ్‌డిస్కులోకి ఎక్కించండి. వాటిలోని డ్యాట్ ఫైళ్లను వీఎల్‌సీ ఇప్పటికీ ఆడిస్తుంది. కోడెక్ పాతదైనా విప్పే దారి దొరుకుతుంది, గీతలు పడి చెడిపోయిన డిస్కును మాత్రం ఏ కోడెక్ కూడా బతికించలేదు.